టూవూంబాలో చూసిన ఒసాకా ఫ్లాటు

ఇల్లు కొనేవాళ్ళు ఇల్లున్న ఊరికి వెళ్ళి చూసుకుంటారు. నేను జపాన్‌లోని ఒసాకాలో ఫ్లాటు కొందామని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబాకి వెళ్ళాను. విన్నవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు ఇంకా కొందరు ఉండకపోరు కనుక, ఎలా వెళ్ళానో, ఏం చూశానో మొదటినుంచీ చెబుతాను.

నేను సిడ్నీలోని పారమట్టాలో ఒక ఆస్పత్రి ఫార్మసీలో పని చేస్తాను. ఇంకో రెండేళ్ళలో మానేద్దామని ఉంది. ఈలోగా నా పేరు మీద దాచుకున్నది ఎక్కడైనా పెట్టాలి. మేముండే స్కోఫీల్డ్స్‌లో స్నేహితులంతా పక్క ఎస్టేట్లలో రెండో ఇల్లు కొంటున్నారు. మా ఆయనకి అమరావతి దగ్గర స్థలం మీద మనసు. నాకు రెండూ రుచించలేదు. ఆ రోజుల్లోనే నాతో పనిచేసే రేణుక లంచ్ దగ్గర, "మా ఆంటీకి ఒసాకాలో ఒక మాన్షన్ ఉంది, అమ్మేద్దామనుకుంటోంది," అంది. రేణుకది ఫిజీ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. ఇంటిపేరులో తెలుగు ఉంది గానీ నోట్లో లేదు. మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం.

మాన్షన్ అనే మాటతోనే గొడవ మొదలైంది. మా ఆయన ప్రసాద్ ఆ మాట తీసుకెళ్ళి ఒక బర్త్‌డే పార్టీలో చెప్పారు. మర్నాటికి స్కోఫీల్డ్స్‌లో సగంమంది మేం జపాన్‌లో రాజభవనం కొంటున్నామనుకున్నారు. నాకేమో మాన్షన్ అంటే మా అన్నయ్య మద్రాసులో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఉన్న బ్రహ్మచారుల లాడ్జి గుర్తొచ్చింది. అంతస్తు మొత్తానికి ఒక్కటే బాత్రూము. జపాన్‌వాళ్ళ మాన్షన్ ఈ రెండూ కాదట. కాంక్రీటుతో కట్టిన మామూలు అపార్ట్‌మెంటును వాళ్ళు అలా పిలుస్తారట. ఆంటీగారి మాన్షన్‌లో ఒక గది, ఓ చిన్న వంటిల్లు, స్నానాల గది, బాల్కనీ ఉన్నాయి.

మందు చేతికిచ్చే ముందు దాని దుష్ఫలితాలు చదవడం నా వృత్తి. దీన్నీ అలాగే చదివాను. జపాన్ నగరాల్లో పాతబడిన ఫ్లాట్లు సిడ్నీ ధరలతో పోలిస్తే బాగా చవక. విదేశీయులు కూడా కొనుక్కోవచ్చు. నెలనెలా అద్దె వస్తుంది. ఇక దుష్ఫలితాలకొస్తే, దేశం బయట ఉండేవాళ్ళకి అక్కడ బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. ఇంట్లో ఎవరున్నా లేకపోయినా బిల్డింగు నిర్వహణకీ, ముందుముందు చేయబోయే మరమ్మతుల నిధికీ నెలనెలా కట్టాల్సిందే. పన్నుల వ్యవహారం చూడటానికి అక్కడ ఒక మనిషిని పెట్టుకోవాలి. 1981లో భూకంపాలను తట్టుకునేలా కట్టాలనే నియమాలు మార్చారు కాబట్టి, అంతకు ముందరి బిల్డింగుల జోలికి ఆచితూచి వెళ్ళాలి. ఇది ఆ తరువాత కట్టిందే, బతికిపోయాను.

అన్నిటికన్నా వింత ఇంకొకటుంది. ఆ ఫ్లాటులో ఒక పెద్దావిడ ఏళ్ళ తరబడి అద్దెకుంటోంది. అక్కడ అలాంటి ఫ్లాటును మనిషితో సహా అమ్ముతారు. ఓనరు మారతాడు గానీ అద్దెకున్నవాళ్ళు కదలరు. వాళ్ళుండగా లోపలికి వెళ్ళి చూసే వీలు సాధారణంగా ఉండదు. ఏజెంటు బయటి గోడ, మెట్లు, ఉత్తరాల డబ్బాలు ఫొటోలు తీసి పంపాడు. పెళ్ళిచూపులు లేకుండా తాళి కట్టమన్నట్టుంది వ్యవహారం. లోపల ఎలా ఉంటుందో చెప్పగలిగిన మనిషి ఒక్కరే, ఆ ఇంట్లో కాపురం చేసిన రేణుక వాళ్ళ అచ్చమ్మ ఆంటీ. ఆవిడ ఉండేది టూవూంబాలో.

మా ఆయన మాత్రం మొదటి రోజే తీర్పు చెప్పేశారు. ప్రకటనలో లావుపాటి అక్షరాలతో 'సౌత్ ఫేసింగ్' అని ఉంది. "దక్షిణ ద్వారం అంటే యమస్థానం. వాడు దాన్ని గొప్పగా రాసుకున్నాడు చూడు," అని నవ్వారు. మేం స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కొన్నప్పుడు తూర్పు గుమ్మం దొరికేదాకా ఎనిమిది నెలలు ఎస్టేట్లన్నీ తిప్పిన మనిషి ఆయన.

జులైలో ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాను. వేణ్ణీళ్ళ స్నానం చేయనిదే మా ఆయనకి తెల్లారదు. ఆ స్నానం అయ్యేసరికి నా రైలు తప్పేంత పనయింది. స్టేషన్ దగ్గర కారు అద్దం దించి, "ఊరికే చూసిరా. సౌత్ ఫేసింగ్ అయితే నో అంటే నో. ఒకవేళ నచ్చితే మాత్రం ఆ టెనెంట్ వయసెంతో కనుక్కో. ఇన్వెస్టర్లు ఫస్ట్ అడిగేది అదేనట," అన్నారు. ఆవిడ కట్టేది పాతకాలపు అద్దె. ఖాళీ అయితే బాగుచేసి ఎక్కువకి ఇవ్వొచ్చు. ఆ లెక్క నాకూ తెలుసు, నాకూ సబబుగానే తోచింది.

ఆరున్నర రైలు సగం ఖాళీగా ఉంది. ఎదురుగా కూర్చున్న కుర్రాడు నా డబ్బాలోని పులిహోర వాసన పట్టి, "తెలుగోళ్ళా అక్కా?" అన్నాడు. కరీంనగర్ నుంచి వచ్చాడట, పారమట్టాలో ఆఫీసు, శనివారం కూడా పని. నా ప్రయాణం సంగతి విని కళ్ళు పెద్దవి చేశాడు. "జపాన్లనా? ఆడ భూకంపాలొస్తయ్ కదక్కా! సరే, మీరు చూసొచ్చి చెప్పున్రి. మంచిగుంటే నేను గూడ ఒకటి తీస్కుంట," అని దిగిపోయాడు. ఈ కథనం ఒక విధంగా అతని కోసమే.

సెంట్రల్‌లో రైలు మారి విమానాశ్రయానికి చేరాను. వెళ్ళబోయేవాళ్ళకి ఒక మాట. విమానాశ్రయం స్టేషన్ గేటు దాటడానికి వేసే అదనపు రుసుము, స్కోఫీల్డ్స్ నుంచి అక్కడిదాకా అయిన టికెట్టుకంటే ఎక్కువ. కరివేపాకు తీసుకెళ్దామనుకున్నాను గానీ మొక్కలూ ఆకులూ క్వీన్స్‌లాండ్ సరిహద్దు దాటించడానికి సవాలక్ష నియమాలున్నాయని విని, కందిపొడి, సున్నుండలు సర్దుకున్నాను. బ్రిస్బేన్‌కి గంటన్నర విమానం. అక్కడి నుంచి టూవూంబాకి విమానాశ్రయం దగ్గరే బస్సు దొరుకుతుంది. సీటు ముందుగా బుక్ చేసుకోవడం మంచిది, నా వెనక వచ్చిన ఇద్దరు నిలబడిపోయారు.

బస్సులో నా పక్కన గాటన్ దగ్గర లెట్యూస్ పండించే ఒక రైతు ఆవిడ కూర్చుంది. చేతులు మోటుగా, గోళ్ళకి నీలిరంగు. నేను ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నానో చెబితే, "నేను ట్రాక్టరు కూడా స్టార్ట్ చేసి చూడకుండా కొనను," అంది. మళ్ళీ తనే, "అయినా నా మొగుణ్ణి అలాగే చేసుకున్నాను, బాగానే నడుస్తున్నాడు," అని పకపకా నవ్వింది. ఆవిడ దిగాక కిటికీ పక్కకి జరిగాను. వరసలు వరసలుగా కూరగాయల మళ్ళు, తరువాత కొండ. బస్సు ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే చెవులు దిబ్బళ్ళు వేశాయి. పైకి చేరేసరికి గాలి చల్లగా, ఎండ మాత్రం చురుగ్గా ఉంది. ఒంటిగంట దాటింది.

అచ్చమ్మ ఆంటీ బస్టాపు దగ్గర చిన్న తెల్లకారుతో నిలబడి ఉంది. పొట్టి మనిషి, తెల్లటి ముడి, ట్రాక్‌ప్యాంటు మీద చేత్తో అల్లిన స్వెట్టరు. నేను ఇంగ్లీషులో పలకరించబోతే ఆవిడే ముందు, "వాణివి నువ్వేనా? దావలో ఏమన్నా తింటివా?" అంది.

నేను నోరు తెరిచాను. రేణుకకి ఒక్క ముక్క రాని తెలుగు ఈవిడ దగ్గర గలగలా పారుతోంది.

"పాత తెలుగు ఇది. మా అవ్వ దగ్గర నేర్చింది. ఆ యమ్మ చిత్తూరు పక్కనుంచి ఫిజీకి ఓడెక్కిన వాళ్ళ బిడ్డ. నాతో మాట్లాడేవాళ్ళు ఈడ ఎవరూ లేరు, తప్పులుంటే నవ్వుకో," అంది కారు తిప్పుతూ.

మోటెల్లో గది చెప్పుకున్నాను. ఆవిడ వినలేదు. "రద్దు చెయ్. ఇంటికొచ్చిన బిడ్డను లాడ్జిలో పెడతారా?" అంది. ఫోన్ చేసి రద్దు చేశాను. పాపం, మోటెల్ వాళ్ళు సగం డబ్బు తిరిగిచ్చారు.

అన్నం, కొబ్బరిపాలలో వండిన చేప, చేమగడ్డలు పెట్టింది. తింటుండగా ఆవిడ కథ తెలిసింది. ఫిజీలోని సువాలో నర్సుగా పనిచేసేదట. 1987లో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక మనవాళ్ళు ఎక్కడి దారి అక్కడ పట్టారు. ఆవిడ భర్త ఓడల ఇంజన్లు బాగుచేసే మనిషి. ఒసాకా రేవులో పని దొరికింది. అక్కడ ఇళ్ళ ధరలు కుప్పకూలిన రోజుల్లో ఈ ఫ్లాటు కొన్నారు. తరువాత ఆవిడకి టూవూంబా ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి ఇక్కడికి మారారు. వెళ్తూ వెళ్తూ ఫ్లాటును ఎదురింట్లో ఉండే హారుకో అనే ఆవిడకి అద్దెకిచ్చారు. వీధి చివర డబ్బిచ్చి స్నానం చేసే స్నానాల ఇంట్లో టికెట్లు అమ్మేదట హారుకో. అచ్చమ్మ ఆంటీకి జపాన్ భాష నేర్పింది, జ్వరమొస్తే గంజి కాచింది. ఆవిడ ఇప్పటికీ అక్కడే ఉంటోంది. ఆంటీ భర్త పోయి రెండేళ్ళయింది. జపాన్ వ్యవహారాలన్నీ ఆయనే చూసేవాడట. ఇప్పుడు అక్కడినుంచి వచ్చే ఉత్తరాలు చదివే ఓపిక ఆంటీకి లేదు, పిల్లలకి అక్కర్లేదు.

"ఇంటి ఫొటోలేమన్నా ఉన్నాయా ఆంటీ?" అన్నాను. ఒక పెట్టె తెచ్చింది. అన్నిట్లోనూ మనుషులే. గోడలన్నిటికీ ఎవరో ఒకరు అడ్డంగా నిలబడి నవ్వుతున్నారు.

"ముగ్గు వెయ్యడం వచ్చునా నీకు?" అంది ఆంటీ ఉన్నట్టుండి.

"భీమవరం దాన్ని ఆంటీ. రాకుండా ఎలా ఉంటుంది?"

"నాకు మోకాళ్ళు వంగవు. పిండి ఇస్తా, నేను చెప్తా, నువ్వు గీ. ఇల్లు ఎంతుందో అంతా చూపిస్తా."

వెనక పక్క కాంక్రీటు డ్రైవ్‌వే మీద బియ్యప్పిండి డబ్బాతో కూర్చున్నాను. ఆవిడ కుర్చీ వేసుకుని కర్రతో చూపించడం మొదలుపెట్టింది. గది ఆరు చాపల గది అంది. జపాన్‌లో గదిని చాపలతో కొలుస్తారట. "చాప అంటే ఎంత ఆంటీ?" అంటే, "మనిషి పడుకునేంత. పడుకో, తెలుస్తాది," అంది. ముందూ వెనకా చూడకుండా నేనూ పడుకున్నాను. యాభై ఎనిమిదేళ్ళ ఫార్మసిస్టును, డ్రైవ్‌వే మీద వెల్లకిలా. వీధిలో కుక్కతో పోతున్న పెద్దమనిషి ఆగి, బాగానే ఉన్నారా అని అడిగాడు. "ఇల్లు కొంటా ఉంది," అని ఆంటీ ఇంగ్లీషులో చెప్పింది. ఆయన బుద్ధిగా తల ఊపి వెళ్ళిపోయాడు. నా తలకి పైన జానెడు కలిపి చాప గీశాం, అలాంటివి ఆరు.

ఇప్పుడు అసలు సంగతి. "గుమ్మం ఎటు ఆంటీ? దక్షిణమేగా?" అన్నాను.

"దక్షిణమెందుకు? దక్షిణం బాల్కనీ."

"మరి సౌత్ ఫేసింగ్ అని రాశారే?"

"అదే కదమ్మా. ఆడ ఎండ దక్షిణం నుంచి వస్తాది. ఎండ తగిలే పక్క బాల్కనీ, గుడ్డలు ఆరేసుకోవాల, పరుపులు ఆరేసుకోవాల. వాళ్ళు ఇంటి ముఖం అనేది దాన్నే. తలుపు వెనక ఉంటాది, వరండా లోపల, ఉత్తరాన."

పిండి చేతిలోనే ఉండిపోయింది. ఆస్ట్రేలియాలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది కనుక ఇక్కడివాళ్ళు నార్త్ ఫేసింగ్ అని మురిసిపోతారు. వాళ్ళు చెప్పేదీ ఎండ సంగతే. మనం ఒక్కళ్ళమే గుమ్మం సంగతి చెబుతాం. మా స్కోఫీల్డ్స్ ఇంట్లో తూర్పు గుమ్మం కోసం పట్టుబట్టి కొంటే, హాలు కాస్తా పడమటికి వెళ్ళింది. వేసవి సాయంత్రాలు అందులో అప్పడాలు కాల్చుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఏసీ వేసుకున్నాం గానీ ఎందుకిలా అని ఆలోచించలేదు.

జులై ఎండ మాకు కావాలి కనుక టూవూంబా ఫ్లాటుకి బాల్కనీ ఉత్తరాన గీశాం, ఒసాకాలో దీన్ని తిరగేసుకోమంది ఆంటీ. తరువాత వంటిల్లు, స్నానాల గది, అందులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునే లోతు తొట్టి. అంతా అయ్యాక లేచి నడుం పట్టుకుని గుమ్మంలోంచి లోపలికి అడుగు పెట్టాను.

"చెప్పులు!" అని అరిచింది ఆంటీ. "గుమ్మం లోపల మెట్టు కింద విడవాల. అంగడిలోకి పోయినట్టు పోతావేమి?"

చలికి కాంక్రీటు జిల్లుమంటున్నా చెప్పులు విడిచి నడిచాను. గదికి అడ్డంపడి బాల్కనీకి వెళ్ళబోతుంటే కర్ర అడ్డం పెట్టింది.

"ఆ చాప మీద కాదు. ఆడ హారుకో పరుపు. మధ్యానం ఈ వేళకు కునుకు తీస్తా ఉంటాది. చుట్టూ పో."

నవ్వాను గానీ చుట్టూ తిరిగే వెళ్ళాను. పిండి గీతల బాల్కనీలో నిలబడితే ఎండ ముఖాన పడింది. ఇల్లు నచ్చింది. అంత చిన్న చోట ఎక్కడ పెట్టాల్సింది అక్కడ పెట్టి కట్టిన తీరు నచ్చింది. వెంటనే మా ఆయనకి వీడియో కాల్ చేశాను.

"ఏవండీ, సౌత్ ఫేసింగ్ అంటే బాల్కనీయండీ. గుమ్మం ఉత్తరానికుంది!"

ఆయన ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నారు. "ఉత్తరమా? ష్యూరా? అయితే అది కుబేరస్థానం కదా! ఆ మాట ముందే చెప్పొచ్చుగా. వెంటనే ఫిక్స్ చేసెయ్ వాణీ."

యమస్థానం నుంచి కుబేరస్థానానికి మారడానికి ఆయనకి అరనిమిషం పట్టలేదు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. ఆయన అదే ఊపులో, "అది సరే, ఆ ముసలావిడకి ఎన్నేళ్ళు? ఇంకెన్నాళ్ళుంటుందో మీ ఆంటీని మాటల్లో పెట్టి లాగు. ఖాళీ అవ్వగానే రెనొవేట్ చేసి డబుల్ రెంట్‌కి ఇచ్చేద్దాం," అన్నారు.

ఫోను స్పీకరులో ఉంది. అచ్చమ్మ ఆంటీకి తెలుగు వచ్చని ఆయనకి చెప్పడం మరిచాను. రేణుకలాగే ఈవిడకీ రాదని ఆయన ధీమా.

ఆంటీ కుర్చీలోంచే, "ఎనభై ఒకటి అని చెప్పు," అంది. "నాకు డెబ్బై ఆరు. నీ మొగుడికెంత?"

మా ఆయన ముఖం ఫోన్లో బిగుసుకుపోయింది. "సిగ్నల్ సరిగ్గా లేదు," అని పెట్టేశారు. ఆవిడ కర్ర ఊతగా లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆరు చాపల గదిలో ఒంటరిగా నిలబడిపోయాను. ఆయన నోరు జారారని ఆయన మీద పెట్టేయొచ్చు గానీ, ఆ ప్రశ్న నేనూ సిడ్నీ నుంచి మోసుకొచ్చిందే.

చీకటి పడకుండానే భోజనానికి పిలిచింది. సున్నుండ కొరుకుతూ తనే మొదలుపెట్టింది. "నీకన్నా ముందు ముగ్గురు వచ్చినారు. ముగ్గురూ అదే అడిగినారు. ఎవరికీ ఇయ్యలే."

"నేనూ అడగాలనే వచ్చానాంటీ," అన్నాను.

"తెలుసు. వయసు అడిగితే తప్పేముంది? నర్సును, నేను అడగని వయసు లేదు. గీజరు సంగతి ఎవరూ అడగలే, అదీ నా బాధ."

"గీజరా?"

"తలుపు పక్కన చిన్న అలమారాలో ఉంటాది, గ్యాసుది. పాతబడింది, మంట పట్టుకోను సతాయిస్తా ఉంది. హారుకో రోజూ సాయంత్రం ఆ తొట్టిలో వేడినీళ్ళలో కూర్చోందే పడుకోదు. చట్టం ఆమెను బయటికి తోయనీదు, నాకు తెలుసు. అయితే మనిషి ఎప్పుడు పోతుందా అని చూసే ఓనరు గీజరు మారుస్తాడా? రేపంటాడు, ఎల్లుండంటాడు. ఆమె నోరు తెరిచి అడిగే రకం కాదు. చన్నీళ్ళతోనే సరిపెట్టుకుంటాది."

అక్కడ చలి డిసెంబరులో మొదలవుతుందని చెప్పింది. అప్పటిదాకా చూస్తుందట. ఇల్లు చూసి, వేడినీళ్ళ సంగతి తనంతట తాను అడిగినవాళ్ళకే అమ్ముతుంది. ఎవరూ అడగకపోతే తనే గీజరు మార్పించి, అమ్మకం మానుకుని, ఉత్తరాలతో కుస్తీ పడుతుంది.

"అయితే నేను అడుగుతున్నానాంటీ," అన్నాను ఆత్రంగా.

"నీకు నేనే చెప్పేసినా కదా, నీది లెక్కలోకి రాదు," అని నవ్వింది. "కొనేది ఇద్దరూ. నీ మొగుణ్ణి అడగనీ. నువ్వు మాట అందించి అడిగించినావా, నాకు గొంతులోనే తెలిసిపోతాది."

మర్నాడు పొద్దున లేచేసరికి గాలి ఫ్లాటులో సగం ఎత్తుకుపోయింది. మిగతా సగం పక్షులు తింటున్నాయి. బస్సుకి ఇంకా టైముందని ఆంటీ నన్ను యూనివర్సిటీ పక్కనున్న జపనీస్ తోటకి తీసుకెళ్ళింది. టికెట్టు లేదు, ఊరు చూడబోయేవాళ్ళు తప్పక వెళ్ళాలి. చెరువు, వంతెన, దువ్వెనతో దువ్వినట్టున్న కంకర. "ఇంత అందమైన జపాన్ నేను జపాన్‌లో చూడలే," అంది ఆంటీ. "మా వీధిలో సైకిళ్ళు, కరెంటు తీగలు, చేపల వాసన. కొనేటప్పుడు దీన్ని మనసులో పెట్టుకోవద్దు."

బస్సెక్కించేటప్పుడు కవర్లో అరటిపళ్ళు పెట్టింది. ఆవిడతో తెలుగు మాట్లాడే మనిషి వెళ్ళిపోతోందని ఆ ముఖం చూస్తే తెలుస్తోంది.

కొండ దిగుతూ, విమానంలో మేఘాలు చూస్తూ, ఈ ప్రయాణం మొత్తం నెమరేసుకున్నాను. ఎవరైనా నన్ను అడిగితే ఇలా చెబుతాను. జపాన్‌లో పాత ఫ్లాటు కొనొచ్చు. బిల్డింగు ఏ నియమాల కింద కట్టారో, మరమ్మతుల నిధిలో ఏముందో, నెలకి చేతినుంచి ఎంత పోతుందో చూసుకోండి. బాల్కనీకి ఎండ వస్తుందో లేదో అడగండి. గోడలకన్నా ముందు ఆ గోడల మధ్య ఎవరున్నారో తెలుసుకోండి, ఎందుకంటే మీరు కొనేది వాళ్ళుండే ఇల్లు. మనకి వచ్చే అద్దె ఒక మనిషి రోజూ పొద్దున్నే లేచి, పరుపు మడత పెట్టి, నెలాఖరున కట్టే డబ్బు. ఇంతకాలం అది నాకు కాగితం మీద అంకెగానే కనిపించింది.

నాలుగింటికల్లా స్కోఫీల్డ్స్ చేరాను. మా ఆయన స్టేషన్‌కి వచ్చారు. దారంతా ఆంటీ ఏమనుకుందో అని నసుగుతూనే ఉన్నారు. నేను గీజరు మాట మింగి కూర్చున్నాను. అంత పెద్ద మాట మింగడం నా జన్మలో అదే మొదలు. "ఇల్లు ఎలా ఉందో చెప్పవేం?" అన్నారు.

"చూపిస్తాను ఉండండి," అని కార్లు రెండూ బయట పెట్టించి, గరాజ్‌లో బియ్యప్పిండితో మొత్తం గీశాను. టూవూంబాలో ఏం గీశానో అంతే, చాప ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఈసారి గుమ్మం నిజంగానే ఉత్తరానికి పెట్టాను. ఆయన ఫోన్‌లో దిక్సూచి పెట్టి సరిచూసుకున్నారు. చెప్పులు విడిపించాను. కుడికాలు ముందు పెట్టి లోపలికొచ్చారు.

వంటిల్లు చూశారు. "చిన్నదే," అన్నారు. బాల్కనీ వైపు గబగబా నడవబోయారు.

"అక్కడ తొక్కకండి."

"ఏం? ఏముంది?"

"హారుకోగారు పడుకుని ఉన్నారు."

నా వైపు చూశారు. నవ్వుతారనుకున్నాను. ఆ ఖాళీ చాప వంక చూసి, పొట్ట లోపలికి పీల్చుకుని, గోడ వారగా పక్కకి నడుచుకుంటూ అవతలికి వెళ్ళారు. బాల్కనీలో నిలబడ్డారు. మళ్ళీ గోడ వారగానే వెనక్కి వచ్చి స్నానాల గది గీతల మధ్య ఆగారు. తొట్టి చుట్టూ చూశారు. పైకి చూశారు, పక్కకి చూశారు. నేను నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను.

మా ఆయన చాప వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి, "వాణీ, ఈవిడకి వేణ్ణీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి? గీజరెక్కడా కనబడదే?" అన్నారు.

నేను టూవూంబాకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, ఆ మాట మళ్ళీ ఒకసారి అనమన్నాను.